సకినాల లెక్క, కొలువుల పనికొచ్చే తీరు

తమ్ముడు: అక్కా, మన పాలమూరు, నల్లగొండ దిక్కు కొలువు చేస్కుంటనే ఇంట్ల సకినాలు చేసి అమ్మేటోళ్లు మస్తుమంది. ఆ పని మన కొలువుకు ఏం నేర్పుతది? ఇయ్యాల అదే మాట్లాడుదాం.

అక్క: అన్నిటికంటె ముందు ధర కట్టుడు నేర్పుతది. పది కిలోల సకినాలు అనుకుందాం. బియ్యం, నువ్వులు, వాము, నూనె కలిపి 1,400. గ్యాస్ 150, కవర్లు 100. అంటే 1,650, కిలోకు 165 పడ్డది. 250కి అమ్మితే 85 మిగులుతయని సంబరపడ్తరు.

తమ్ముడు: చేతుల కష్టం యాడవాయె?

అక్క: గదే! సకినాలల్ల అసలు ఖర్చు సుట్టుడే. ఇద్దరు ఆరు గంటలు కూసుంటరు, గంటకు 70 వేస్తే 840. మొత్తం 2,490. కిలో ఇరిగి పోయిందనుకో, అమ్మేది తొమ్మిది కిలోలే. కిలోకు 277 పడుతది. 250కి అమ్మినోళ్లు కిలో మీద 27 రూపాయలు చేతిల నుంచి పెట్టినట్టు. ఇంటోళ్ల కష్టానికి కూలి రాయకపోతే ఈ నష్టం కానరాదు.

తమ్ముడు: మరి ఎంతకు అమ్మాలె? 25 శాతం లాభం కావాలంటె 277కు 25 శాతం కలిపితే సరిపోతదా?

అక్క: సరిపోదు. అట్ల కలిపితే 346 వస్తది. దాంట్ల లాభం 69, అమ్మిన ధరల చూస్తే 20 శాతమే. అమ్మిన ధర మీద 25 శాతం మిగలాలంటె 277ను 0.75తో భాగించాలె, 369 అయితది. కంపెనీలల్ల కొటేషన్లు వేసేటోళ్లు గూడ ఈ రెండిటిని కలగాపులగం చేస్తరు. వారం వారం ఇంట్ల చేసినోళ్లకు ఇది చేతికి వస్తది.

తమ్ముడు: దుకాణంల ఉద్దెర సంగతి?

అక్క: వారానికి ఒక వాయి, అంటె పది కిలోల సరుకు వేసి, పైసలు ఆరు వారాలకు వస్తయంటె, పెట్టిన ఖర్చే దాదాపు 15 వేలు బయట ఇరుక్కుంటది. లాభం కాగితం మీద ఉంటది, నూనె డబ్బాకు మాత్రం పైసలుండవు. అందుకే సరుకు దించంగనే చీటీ మీద దుకాణదారు సంతకం, తారీఖు తీస్కోవాలె. పాత చీటీ తీరినంకనే కొత్త సరుకు. అడిగేటప్పుడు "ఎప్పుడిస్తరు?" అనొద్దు. "సోమవారం రెండువేలు, మిగతాది పై సోమవారం, సరేనా?" అనాలె. తారీఖు, మొత్తం మనమే చెప్పాలె. కొలువుల బకాయిలు వసూలు చేసేటోళ్లు చేసేది గిదే పని.

తమ్ముడు: ఇంగ సరుకు చెడితే?

అక్క: నాకు ఇదే ముఖ్యం అనిపిస్తది. పిండి తడి తక్కువైతే సుట్టేటప్పుడు పగులుతయి. బట్ట తడి లాగకముందే ఎత్తితే ఇరుగుతయి. నూనె కాగకముందే వేస్తే పీలుస్తయి. చిన్న పిండిముక్క వేస్తే ఎంబడే పైకి తేలాలె. వేడి తగ్గకముందే కవర్ల కడితే ఆవిరి నీళ్లై మెత్తబడ్తయి. ఎవరన్న "మెత్తగున్నయి" అంటె ఏ వాయిదో తెల్వకుంటె తప్పు ఎట్ల దొరుకుతది? అందుకే ప్రతి కవర్ల తారీఖు, వాయి నంబర్ చీటీ వేయాలె. మార్చేటప్పుడు ఒక్కటే మార్చాలె. నూనె, పిండి రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేంట్ల ఉన్నదో తెల్వదు.

తమ్ముడు: జడ్చర్ల పోలేపల్లి మందుల ఫ్యాక్టరీలల్ల బ్యాచ్ రికార్డు, అంటె ఒక్కో వాయి లెక్క, రాసేది గిట్లనే కదా?

అక్క: గిట్లనే. మిర్యాలగూడ మిల్లులల్ల చూడు, సర్కారు ఇచ్చిన క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగియ్యాలని లెక్క. మీ ఇంట్ల కిలో బియ్యానికి ఎన్ని సకినాలు వస్తున్నయో తూచి రాసుకున్నరంటె అదే లెక్క నేర్సుకున్నట్టు.

తమ్ముడు: ఇంటర్వ్యూల ఎట్ల చెప్పాలె?

అక్క: "చిన్న వ్యాపారం చేస్తున్న" అంటె ఎవ్వరు పట్టించుకోరు. "ఇరుగుడు పదికి కిలో ఉండె, అరకిలోకు దించిన, ఎట్ల దించిన అంటె..." అని చెప్పాలె. అయితే నోట్‌బుక్‌ల ఉన్న అంకెలే చెప్పాలె, ఎక్కువ చెప్తే రెండో ప్రశ్నకే దొరుకుతరు.

తమ్ముడు: కొలువుల ఉన్నోళ్లు జాగ్రత్త పడాల్సినయి?

అక్క: సర్కారు ఉద్యోగులు అనుమతి లేకుంట వ్యాపారం చేయొద్దు. ప్రైవేటోళ్లు అపాయింట్‌మెంట్ లెటర్‌ల బయటిపని షరతు సదవాలె. ఆఫీసు టైం, ఆఫీసు లాప్‌టాప్ ముట్టొద్దు. తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటె తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ, రిజిస్ట్రేషన్ ఉండాలె. గద్వాల నుంచి కర్నూలు దగ్గరే గాని రాష్ట్రం వేరు. పన్ను పడే తిండి సరుకు అటు అమ్మితే ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అడుగుతది. పార్శిల్ కట్టకముందే అకౌంటెంట్‌ను అడుగుండ్రి.

తమ్ముడు: నోట్‌బుక్‌ల గడులు ఒక్కసారి చెప్పు అక్కా, వినేటోళ్లు రాస్కుంటరు.

అక్క: తారీఖు, వాయి నంబర్, పోసిన బియ్యం, వచ్చిన సకినాలు, ఇరిగినయి, పట్టిన గంటలు, ఎవరికి ఇచ్చినం, ఎప్పుడు వసూలైంది. ఎనిమిది గడులు. ఈ ఆదివారం వాయికే గీసుకోండ్రి.