మొటిమలకు శుభ్రతతో ముడిపెట్టకండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు, పిల్లల కోసం పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పరిచయం చేసిన మేడమ్ నా గురించి ఉన్నదానికన్నా ఎక్కువే చెప్పారు. వారికి కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం 'యువత - చర్మ సంరక్షణ'. చుండ్రు, పొడి చర్మం, ఎండ దెబ్బ, మొటిమలు అంటూ నాలుగు భాగాలుగా రాసుకొచ్చాను. కానీ మీరేమీ అనుకోకపోతే మిగతా మూడూ పక్కన పెట్టి మొటిమల గురించే మాట్లాడతాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ముఖం మీద గుంటలు పడ్డాక వస్తున్నారు. ఎందుకింత ఆలస్యం చేశారని అడిగితే రెండే జవాబులు. ఒకటి, "వయసుకొచ్చినప్పుడు అందరికీ వస్తాయి, అవే పోతాయి అన్నారు." రెండోది, "ముఖం సరిగ్గా కడుక్కుంటే తగ్గుతాయి అన్నారు." ఈ రెండు మాటల వల్ల పాడైనన్ని ముఖాలు అసలు జబ్బు వల్ల పాడవలేదేమో అనిపిస్తుంది నాకు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన ముఖం మీద, ఛాతీ మీద, వీపు మీద ఉండే రోమకూపాలకు నూనె గ్రంథులు అతుక్కుని ఉంటాయి. యుక్తవయసు రాగానే మగ హార్మోన్లు అని చెప్పుకునే ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి. ఇవి ఆడపిల్లల్లోనూ ఉంటాయి. వాటి ప్రభావంతో ఆ గ్రంథులు పెద్దవై సీబమ్ అనే నూనెను ఎక్కువగా వదులుతాయి. అదే సమయంలో రోమకూపం లోపలి గోడ నుంచి రాలే కణాలు బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుని దారి మూసేస్తాయి. ఆ మూత వెనక నూనె పేరుకుంటుంది. క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా అందరి చర్మం మీదా ఉండేదే. అది అక్కడ బాగా పెరుగుతుంది, శరీరం దాని మీద ఎదురుదాడి చేస్తుంది. ఎరుపు, వాపు, చీము అప్పుడే వస్తాయి. మొటిమ మన కంటికి కనిపించేసరికి లోపల వారాల తరబడి పని జరిగిపోయి ఉంటుంది. ఇక బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది మట్టి వల్ల కాదు. అందులోని మెలనిన్ అనే చర్మపు రంగు పదార్థం వల్ల, గాలి తగిలి మారిన పదార్థాల వల్ల ఆ రంగు వస్తుంది. ఎంత రుద్దినా పోదు.

మరి ఇంత లోతున జరిగే పనికి సబ్బు ఏం చేయగలదు?

ఇక్కడ ఒక అబ్బాయి గురించి చెప్పాలి. పదహారేళ్లుంటాయి. వాళ్ల నాన్న తీసుకొచ్చారు. అబ్బాయిని నేనేం అడిగినా ఆయనే జవాబు చెప్పారు. "ఎన్నిసార్లు చెప్పినా వినడు డాక్టర్ గారూ, ముఖం కడుక్కోడానికి వీడికి బద్ధకం." అబ్బాయి తల దించుకునే ఉన్నాడు. దీపం దగ్గరికి తెచ్చుకుని గడ్డం పట్టుకుని పైకెత్తి చూశాను. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. ముక్కు పక్కన చర్మం పొరలు పొరలుగా లేచింది. దవడ మీద మొటిమల మధ్య సన్నటి గీతలు, గరుకు స్క్రబ్‌తో గట్టిగా రుద్దినప్పుడు పడేవి. బద్ధకంగా ఉండేవాడి ముఖం అలా ఉండదు.

తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు మూశాక ఆ అబ్బాయి చెప్పడం మొదలుపెట్టాడు. లేవగానే కడుగుతాడట. బడికి వెళ్లేముందు, వచ్చాక, పడుకునేముందు, ఎవరైనా తేరిపార చూస్తే ఆ వెంటనే. "నేను శుభ్రంగా ఉండనని ఇంట్లో అందరూ అనుకుంటారు సార్" అన్నాడు. వీపు మీద కూడా ఉన్నాయని, అందరి ముందూ చొక్కా మార్చుకోవాల్సి వస్తుందని ఆటలకు వెళ్లడం మానేశాడు. జేబులోంచి నలిగిన ట్యూబు తీశాడు. స్నేహితుడిచ్చాడట. మొదట్లో అద్భుతంగా పనిచేసిందట, తర్వాత రెట్టింపు వచ్చాయట. చూస్తే అందులో స్టెరాయిడ్, అంటే వాపును అణచే మందు ఉంది.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, క్షమించాలి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్, ఇవన్నీ స్టెరాయిడ్లే. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, ట్యూబు మీద చూసుకోండి. ఇవి కొన్ని చర్మ జబ్బులకు మంచి మందులే. కానీ మొటిమల మీద రాస్తే వాపు తగ్గి రెండు మూడు రోజులు ముఖం తేటగా కనిపిస్తుంది, ఆ తేటదనాన్ని చూసి రాస్తూనే పోతారు. చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటపడతాయి, కొత్త పొక్కులు లేస్తాయి. ఆపితే ఒక్కసారిగా మండిపోతుంది, దాంతో భయపడి మళ్లీ రాస్తారు. డాక్టర్ చెప్పకుండా అలాంటి క్రీమ్ ముఖానికి దయచేసి రాయకండి. ఇప్పటికే రాస్తుంటే డాక్టర్‌ని అడిగి మానేయండి.

ఆ తండ్రిని లోపలికి పిలిచి, "మీ అబ్బాయి మనిద్దరికన్నా ఎక్కువసార్లు ముఖం కడుగుతున్నాడు" అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు: "ఈ గుంటలు పోతాయా?" పూర్తిగా పోవని చెప్పాల్సి వచ్చింది. నల్ల మచ్చలు వేరు. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే నెలల్లో పలచబడతాయి. గుంట పడిందంటే లోపల చర్మం నష్టపోయినట్టే. లేజర్, సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ లాంటివి లోతు తగ్గిస్తాయి గానీ పాత చర్మాన్ని తిరిగి తీసుకురాలేవు. నేను తొందరగా రమ్మని పోరు పెట్టేది ఇందుకే.

సరే, చికిత్సకు వస్తాను. రోజుకు రెండుసార్లు, గాఢత లేని క్లెన్సర్‌తో, చేతివేళ్లతో మెల్లగా కడిగితే చాలు. కొద్దిపాటి మొటిమలకు రెండు మందులు బాగా ఉపయోగపడతాయి. ఒకటి బెంజోయిల్ పెరాక్సైడ్. 2.5 శాతం జెల్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ శాతం కొంటే ఎక్కువ మేలు జరుగుతుందనేమీ లేదు, మంట మాత్రం పెరుగుతుంది. దిండు గలీబులు, తువ్వాళ్లు రంగు వెలుస్తాయి, చూసుకోండి. రెండోది అడాపలీన్ 0.1 శాతం. రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి. ఒక్కో మొటిమ మీద చుక్క పెడితే కుదరదు, రేపటి మొటిమ ఇవాళ మామూలుగా కనిపించే చర్మం కింద తయారవుతోంది కదా. మొదట్లో చర్మం పొడిబారుతుంది, మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. రాత్రి విడిచి రాత్రి రాయండి, మాయిశ్చరైజర్ వాడండి, టెన్షన్ పడకండి. పన్నెండు వారాలు ఆగాలి. మూడో వారంలో "పనిచేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ!

యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే రాసుకుంటూ పోతే బాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది. బెంజోయిల్ పెరాక్సైడ్‌తో కలిపి వాడాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలైనా మూడు నాలుగు నెలలు దాటకుండా చూస్తాం. ఆహారం గురించి తప్పకుండా అడుగుతారు. రక్తంలో చక్కెరను గబగబా పెంచే పదార్థాలు కొందరిలో మొటిమలను పెంచుతాయనడానికి ఆధారాలున్నాయి. అంతమాత్రాన పిల్లల్ని కడుపు మాడ్చకండి. నెలసరి సక్రమంగా రాని, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్న అమ్మాయిలకు హార్మోన్ పరీక్షలు అవసరం కావచ్చు.

గట్టి గడ్డలు, నొప్పి, గుంటలు పడటం కనిపిస్తే ఇంటి ప్రయోగాలు ఆపి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర ఉంది, అమెరికాలో 1982లో అనుమతి పొందింది. తీవ్రమైన మొటిమలకు దానంత బలమైన మందు ఇంకోటి లేదు. కానీ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. ఆడవాళ్లు వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం మరో నెల గర్భం రాకూడదు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా, స్నేహితురాలి డబ్బాలోంచి తీసుకుని వేసుకునే మాత్ర కాదది.

అమ్మలూ, నాన్నలూ, టీచర్లూ, మీకో మనవి. పిల్లలు కనపడగానే "ముఖమేంటి అలా అయింది" అనకండి. అద్దంలో వాళ్లు చూసుకునే వచ్చారు. మొటిమల వల్ల కుంగిపోయి నలుగురిలోకి రావడం మానేసిన పిల్లల్ని చూశాను. మాట్లాడటం తగ్గించినా, ఫోటోలకు దూరంగా జరిగినా పట్టించుకోండి, డాక్టర్‌కి ఆ సంగతి కూడా చెప్పండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. స్టేజి పక్క గదిలో ఇంకో గంట కూర్చుంటాను. మీరు రాసుకునే ట్యూబు ఉంటే తీసుకురండి, లేదా ఫోన్లో ఫోటో చూపించండి, అందులో ఏముందో చదివి చెప్తాను. ఒక్కొక్కరే రండి, అందరి ముందూ అడగక్కర్లేదు.