తలుపు గురించి ఒక ఉత్తరం

శ్రోతలకు నమస్కారం.

నాకు నెలకో ఉత్తరం వస్తుంది. కవరు ముందే ఎవరో చించి, మళ్లీ అతికించి ఉంటారు. లోపల కాగితం మీద ఓ మూల జైలు ముద్ర. రెండు వైపులా, అంచు అన్నది మిగలకుండా రాసి ఉంటుంది. చివరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు చిన్నవైపోతాయి, ఆ తర్వాత మార్జిన్‌లోకి తిరిగి నిలువుగా పైకి పాకుతాయి. కాగితం లెక్కగా దొరికే చోట కూర్చుని రాసే మనిషి చేతిరాత అది. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు, గొంతు వినలేదు. కానీ తెల్లవారుజామున ఆయనకి ఏ చప్పుడుతో మెలకువ వస్తుందో నాకు తెలుసు.

పరిచయం ఎలా అయిందో చెప్తాను. ఖైదీల రచనలు వేసే ఒక చిన్న పత్రికలో ఆయన రాసిన ఒకటిన్నర పేజీ చదివాను. అది ఒక తలుపు గురించి. "నా చేత్తో నేను ఒక తలుపు తీసి ఎనిమిదేళ్లయింది. ఇక్కడ తలుపులు ఎవరో తీస్తారు, ఎవరో వేస్తారు. మొన్న ఒక గది ముందుకి తీసుకెళ్లి లోపలికి వెళ్లమన్నారు. తలుపుకి తాళం లేదు. అయినా అలాగే నిలబడిపోయాను. నెట్టాలన్న సంగతి నా చేతికి గుర్తు రాలేదు." అంతే. జైలు అన్యాయం అనలేదు, తన తప్పేమీ లేదనీ అనలేదు. ఆ రోజు నేను మా ఇంట్లో ఎన్ని తలుపులు తీశానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటాక ఇక లెక్కపెట్టలేకపోయాను. ఆ రాత్రే పత్రికవాళ్ల చిరునామాకి ఉత్తరం రాశాను.

జైలు అనగానే మన కళ్ల ముందుకొచ్చేవి సినిమాల్లో చూసినవే. కొట్లాటలు, గోడ దూకి పారిపోవడాలు. లోపలున్నవాళ్లు రాసింది చదివితే అవి ఎక్కడో ఒకచోట తప్ప కనిపించవు. ఎక్కువగా ఉండేది చప్పుళ్ల గురించి. ఎందుకంటే కంటికి పని తక్కువ. ఎటు చూసినా పది అడుగుల్లో గోడ తగులుతుంది. దాంతో చెవి పని చేయడం మొదలుపెడుతుంది. తాళంచెవుల గుత్తి మోగే తీరుని బట్టి వస్తున్న వార్డరు ఎవరో చెప్పేస్తారు. బూట్ల చప్పుడు మామూలు కంటే తొందరగా ఉంటే ఇవాళ ఏదో జరిగిందని అర్థం. పొద్దున లెక్క, సాయంత్రం లెక్క, మనుషుల్ని లెక్కపెట్టే ఆ గొంతు. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చీకటి కోసం మొహం వాచిపోయామని రాసినవాళ్లున్నారు. మనం చీకటికి భయపడతాం. చీకటి ఒక సుఖమని నాకు ఖైదీల రాతలు చదివాకే తట్టింది.

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం 1926 నవంబరులో కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంషీని అరెస్టు చేసింది. జైల్లో ఆయన నింపిన 33 నోటుపుస్తకాల మీద ఇవాళ్టికీ ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో చర్చలు జరుగుతుంటాయి. నాకు మాత్రం ఆయన ఇంటివాళ్లకి రాసిన ఉత్తరాలంటే ప్రాణం. ఒక ఉత్తరంలో తన సెల్‌లో చేరిన రెండు పిచ్చుకల గురించి రాస్తాడు. మొదటిది పొగరుది, ఒంటి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. రెండోది మరీ అణకువగా ఉండేది. ఆయన మనసు మొదటిదాని మీదే. జైలు మాట ఎత్తకుండానే ఆ మనిషి తనెలా బతకాలనుకుంటున్నాడో చెప్పేశాడు అనిపిస్తుంది నాకు. ఆయన చిన్నకొడుకు పుట్టింది ఆ అరెస్టుకి రెండు నెలలకి కాస్త ముందే. తల్లి దగ్గర దూరదేశంలో పెరిగాడు. 1937లో చనిపోయేదాకా ఆ పిల్లవాణ్ణి తండ్రి ఒక్కసారి కూడా చూడలేదు. నాన్నగా ఉండడానికి ఆయనకి దొరికిన చోటు ఆ ఉత్తరాల కాగితమే.

ఆ కాగితమైనా దొరకనివాళ్లు ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో 1980లలో కవయిత్రి ఇరీనా రతుషిన్‌స్కయాని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆవిడ సబ్బు బిళ్ల మీద అగ్గిపుల్లతో గీరి కవిత రాసేది. కంఠతా వచ్చేదాకా చదువుకుని, ఆ తర్వాత చేతులు కడుక్కునేది. అక్షరాలు నురగలో పోయేవి, కవిత ఆవిడ దగ్గర ఉండిపోయేది.

రాసినది చేరుతుందన్న నమ్మకమూ ఉండదు. దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైల్లో మొదటి రోజుల్లో నెల్సన్ మండేలాకి ఆరు నెలలకి ఒక్క ఉత్తరం, అదీ 500 మాటలకి మించకూడదు. వచ్చిన ఉత్తరాల్లో అధికారులకి నచ్చని వాక్యాలు బ్లేడుతో కోసేసేవారు. అందుకే తను పంపే ఉత్తరాలకి నకలు ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. 1969లో పెద్దకొడుకు కారు ప్రమాదంలో పోతే అంత్యక్రియలకి వెళ్లనివ్వలేదు. ఆ దుఃఖమంతా ఉత్తరాల్లోనే పెట్టుకున్నాడు. ఆ నకళ్ల పుస్తకాలు 1971లో ఆయన సెల్‌లోంచి తీసుకుపోయారు. తిరిగి ఆయన చేతికి వచ్చింది 2004లో. ఆయన పిల్లలకి రాసిన ఉత్తరాల్లో కొన్ని అసలు వాళ్లకి చేరనే లేదు. జవాబు రాకపోతే లోపలున్న తండ్రి ఏమనుకోవాలి? బయటున్న పిల్లలు ఏమనుకోవాలి?

ఈ సంగతి చదివాకే నేనూ, జైల్లోంచి నాకు రాసే మా స్నేహితుడూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఉత్తరం పైన నంబరు వేస్తాం. "మీ 17 అందింది, 16 రాలేదు" అని రాస్తాం. దీనివల్ల ఎంత టెన్షన్ తగ్గుతుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. 16కి జవాబు రాలేదంటే నా మాట ఏదో ఆయనకి గుచ్చుకుందేమో అని నేను కుమిలిపోనక్కర్లేదు.

నా మొదటి ఉత్తరం గురించి కూడా చెప్పాలి. రెండు పేజీలు రాశాను. ధైర్యంగా ఉండండి, కాలమే అన్నీ మానుస్తుంది, మంచి పుస్తకాలు చదవండి. మంచి మనసుతోనే రాశాను. ఆయన జవాబు మూడు వాక్యాలు. చాలా మర్యాదగా ఉంది, అందులో మనిషి లేడు. రెండోసారి ఏం రాయాలో తోచక, ఆరేసిన బట్టలు వానకి తడిసిన సంగతి, వాటిని లోపలికి తెచ్చే తొందరలో మెట్టు తప్పి నేను పడిన సంగతి రాశాను. అప్పుడు నాలుగు పేజీలు వచ్చాయి. "వాన పడినప్పుడు మాకు చప్పుడే తెలుస్తుంది. రేకు మీద పడే చప్పుడు. తడిసిన మట్టి వాసన గోడ దాటి రాదు. మీరు బట్టల గురించి రాశారు కదా, అవి తడిస్తే ఎలా బరువెక్కుతాయో నాకు గుర్తొచ్చింది. దెబ్బ గట్టిగా తగిలిందా?" నా మోకాలి గురించి ఆ వారంలో అడిగిన మనిషి ఆయనొక్కడే.

అప్పటినుంచీ సలహాలు మానేశాను. బయట ఏం జరిగిందో రాస్తాను, అదీ చిన్నచిన్నవి. ఆయన అడిగినదానికి జవాబు తప్పకుండా రాస్తాను.

ఖైదీకి ఉత్తరాలు రాస్తున్నానంటే ఎవరైనా ముందు అడిగేది "ఏం చేశాడట?" అని. అడగడం తప్పని నేననను. నాకూ అడగాలనే ఉండేది, అడగలేదు. కొందరి కేసు ఇంకా కోర్టులోనే నడుస్తుంటుంది. కవరు చించి చదివేవాళ్లు మధ్యలో ఉండగా అటువంటి ప్రశ్న వేయడం వాళ్లకి ప్రమాదం. మూడో ఏట ఆయనే రాశాడు. ఆయన చేతుల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ఉత్తరం చదివి నేను పది రోజులు జవాబు రాయలేకపోయాను. ఆ చనిపోయిన మనిషికి తల్లి ఉంటుంది. ఆమెకి ఈ ఉత్తరాలు ఎవరూ చూపించరు, ఆమె బాధ ఏ పత్రికలోనూ రాదు. ఆమెని మర్చిపోయి ఈయన వాన గురించి రాసింది చదివి మురిసిపోతే నేను సగం మనిషినే. ఈయన్ని ఆ ఒక్క పనితో మూటకట్టి పక్కన పారేసినా అంతే. ఈ రెండూ ఒకదానితో ఒకటి రాజీ పడవు. పడాలని నేను చూడటం మానేశాను. పదకొండో రోజు రాశాను, ఆ తల్లి మాటే ముందు రాశాను. ఆయన జవాబులో మొదటి వాక్యం, "ఆమె గురించి నాతో మాట్లాడిన మొదటి మనిషి మీరు." ఆ తర్వాత రాసినది ఆయనకీ నాకూ మధ్యనే ఉండాలి.

వినేవాళ్లలో ఎవరికైనా ఇలా రాయాలనిపిస్తే రెండు మూడు మాటలు. ఖైదీలకి ఉత్తరాలు చేరవేసే సంస్థ ద్వారానే మొదలుపెట్టండి, ఇంటి చిరునామా ఇవ్వక్కర్లేదు. డబ్బు వ్యవహారం పెట్టుకోవద్దు. ఆ జైలు నియమాలు ముందే కనుక్కోండి, ఒక్క స్టిక్కరు అంటించినా ఉత్తరం ఆగిపోయే చోట్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, నెలకోసారి అని చెప్తే నెలకోసారి రాయండి. కుదరదనిపిస్తే మొదలుపెట్టకండి. సగంలో ఆపేస్తే లోపలున్న మనిషి కారణం తనలోనే వెతుక్కుంటాడు. ఖైదీలకి బంధుమిత్రులతో ఉత్తరాలు నడుపుకునే అవకాశం ఉండాలని ఐక్యరాజ్యసమితి నియమాలే చెప్తున్నాయి. 2015లో సవరించి మండేలా పేరు పెట్టిన నియమాలవి. రాసే అలవాటుని పెంచే జైళ్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఖైదీలు 1887లోనే ఒక పత్రిక మొదలుపెట్టారు. బ్రెజిల్‌లో పుస్తకం చదివి దాని గురించి సొంతంగా రాసి ఇస్తే ఒక్కో పుస్తకానికి నాలుగు రోజుల శిక్ష తగ్గుతుంది, ఏడాదికి పన్నెండు పుస్తకాల దాకా. దీని గురించి రాస్తే మా స్నేహితుడు, "నాలుగు రోజులు తగ్గించకపోయినా ఫర్వాలేదు, రాసినది ఎవరైనా చదివితే చాలు" అన్నాడు.

పోయిన వారం ఆయన 41వ ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది విడుదల. సంతోషం కన్నా భయం ఎక్కువగా ఉందని రాశాడు. రోడ్డు దాటడం వస్తుందో రాదో అన్నాడు. చివర్లో మార్జిన్‌లో నిలువుగా ఒక ప్రశ్న ఉంది. కాగితం తిప్పి చదవాల్సి వచ్చింది. "మీ వీధి తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

ఇవాళ ఇంటికెళ్లి దానికి జవాబు రాయాలి. లోపలికే తెరుచుకుంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి కాస్త పట్టేస్తుంది, భుజంతో నెట్టాలి. అది కూడా రాస్తాను.

నమస్కారం.