రైలు అన్న ఒక్క మాటలో ఎన్ని క్లాసులు దాగున్నాయి?

నమస్కారం. స్క్రీన్ మీద ఉన్న ఈ నాలుగు ముక్కలూ ఒకసారి చదవండి. "ప్రయాణికుడు రైలు, తేదీ ఎంచుకుని టికెట్ బుక్ చేస్తాడు. బెర్త్ లేకపోతే వెయిటింగ్ లిస్ట్‌లో పడుతుంది. క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపసు వస్తుంది." రైల్వే రిజర్వేషన్ అందరికీ తెలిసిందే కాబట్టి, రిక్వైర్‌మెంట్లలోంచి, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే మాటల్లోంచి, ఆబ్జెక్టుల్ని ఎలా పట్టుకోవాలో దీంతోనే చూద్దాం. ప్రోగ్రామ్‌లో కనిపించే ఒక్కో వస్తువు ఆబ్జెక్ట్; ఒకే రకం వస్తువులకి ఏ వివరాలుంటాయో, అవి ఏ పనులు చేస్తాయో చెప్పే అచ్చు క్లాసు.

నామవాచకాల కింద గీతలు గీయండి, అవే క్లాసులు అని మొదట నేర్పిస్తారు. గీస్తే ఏడు వస్తాయి: ప్రయాణికుడు, రైలు, తేదీ, టికెట్, బెర్త్, వెయిటింగ్ లిస్ట్, డబ్బు. చాలామంది ఏడు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు వేసి డయాగ్రమ్ అయిపోయిందనుకుంటారు. నిజానికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

రైలునే తీసుకోండి. విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చే 12727 గోదావరి ఎక్స్‌ప్రెస్. "గోదావరి రోజూ ఉంటుంది" అంటాం. "గోదావరి ఇవాళ రెండు గంటలు లేటు" అనీ అంటాం. మాట ఒకటే, వస్తువులు రెండు. మొదటిదానికి నంబరు, పేరు, ఆగే స్టేషన్లు, టైములు ఉంటాయి. రెండోదానికి బయల్దేరిన తేదీ, ఆ రోజు తగిలించిన బోగీలు, ఎంత లేటు, చార్ట్ (బయల్దేరే ముందు ఖాయం చేసే ప్రయాణికుల జాబితా) అయిందా లేదా అన్నవి ఉంటాయి. మొదటిది రైలు, రెండోది ట్రిప్. రెంటినీ ఒకే క్లాసులో కుక్కితే, ఒక్క రోజు రైలు రద్దు చేయాలన్నా ఎక్కడ రాయాలో తెలీదు.

తేదీ దగ్గర ఇంకో చిక్కుంది. ఈ బండి విశాఖలో సాయంత్రం బయల్దేరి, అర్ధరాత్రి దాటాక వరంగల్ చేరుతుంది. వరంగల్‌లో 11వ తేదీ తెల్లవారుజామున ఎక్కేవాడు 10వ తేదీ ట్రిప్‌లో ఎక్కుతున్నాడు. అందుకే స్టేషన్ల పట్టికలో ప్రతి హాల్ట్‌కీ ఒకటో రోజా, రెండో రోజా అన్న అంకె ఉండాలి. అది మర్చిపోతే ఆ మనిషికి మర్నాటి ట్రిప్‌లో బెర్త్ ఇచ్చేస్తాం.

ఇప్పుడు స్టేటస్. టికెట్ క్లాసులో స్టేటస్ అని ఒక యాట్రిబ్యూట్, అంటే ఒక వివరం, పెడతారు. ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురి దాకా ఉండొచ్చు. ముగ్గురికి తీస్తే ఇద్దరికి కన్ఫర్మ్, ఒకరికి ఆర్ఏసీ (ప్రస్తుతానికి కూర్చునే చోటు మాత్రమే) రావచ్చు. మరి టికెట్ స్టేటస్ ఏది? జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే తప్పు మనిషిని అడుగుతున్నాం. స్టేటస్ టికెట్‌ది కాదు, టికెట్‌లోని ఒక్కో పేరుది. రిక్వైర్‌మెంట్‌లో ఎక్కడా రాయని ఈ క్లాసు పేరు "టికెట్‌లో ప్రయాణికుడు". ఒక్కరిని మాత్రమే క్యాన్సిల్ చేయడం, క్యాన్సిలేషన్ ఛార్జీ లెక్క, రెండూ దీని దగ్గరకే వస్తాయి.

బెర్త్ కూడా అంతే. ఖాళీ, నిండింది అని రెండే విలువలు పెడితే సరిపోదు. ఒకే బెర్త్‌లో విశాఖ నుంచి రాజమండ్రి దాకా ఒకరు, అక్కణ్నుంచి సికింద్రాబాద్ దాకా మరొకరు రావచ్చు. ఆర్ఏసీలో అయితే సైడ్ లోయర్ ఒకటే, కూర్చునేది ఇద్దరు. కాబట్టి బెర్త్‌కీ ప్రయాణికుడికీ మధ్య "కేటాయింపు" అని ఇంకో క్లాసు కావాలి: ఎక్కడి నుంచి, ఎక్కడి దాకా.

క్రియల దగ్గరికి, అంటే ఏ పని ఏ క్లాసు చేయాలన్న దగ్గరికి వద్దాం. ఇక్కడ సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్) కార్డులంత పనికొచ్చేది నాకు ఇంకోటి కనిపించలేదు. వీటిని 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణులు పరిచయం చేశారు. చిన్న అట్టముక్క పైన క్లాసు పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు ఎవరి సాయం కావాలో. ఒక్కో కార్డు ఒక్కొక్కరు పట్టుకుని, ఒక క్యాన్సిలేషన్‌ని మొదట్నుంచి చివరిదాకా నడిపించండి. ఒకరు తప్పుకున్నారు, కేటాయింపు వదిలింది. వెయిటింగ్‌లో ఉన్న తర్వాతి వాళ్లని ముందుకు జరిపేదెవరు? టికెట్ అంటే కుదరదు, పక్క టికెట్ల సంగతి దానికి తెలీదు. ట్రిప్‌కి తెలుసు. అయితే ట్రిప్‌కి వెయిటింగ్ లిస్ట్ ఒకటి కాదు: స్లీపర్‌ది వేరు, థర్డ్ ఏసీది వేరు, అందులో మళ్లీ జనరల్, తత్కాల్ కోటాలు వేరు. అందుకే వెయిటింగ్ లిస్ట్‌కీ సొంత కార్డు కావాలి. కార్డు పట్టుకున్నవాళ్లు "అది నా పని కాదు" అని ఆగిపోయిన ప్రతిచోటా ఒక క్లాసు తక్కువైందని గుర్తు.

"బుకింగ్ మేనేజర్", "డేటా హ్యాండ్లర్" లాంటి పేర్లు ఈ దశలో రాయకండి. కౌంటర్‌లో కూర్చునే క్లర్క్ విని తల ఊపని పేరు డిజైన్‌కి, అంటే ప్రోగ్రామ్‌ని ఎలా కట్టాలో తేల్చే తర్వాతి దశకి చెందినది, దానికి ఇంకా టైముంది.

ఇక టికెట్ క్లాసులో ఏమీ మిగల్లేదా అంటే, మిగిలింది. చార్ట్ అయ్యాక ఈ-టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే పేర్లు చార్ట్‌లోకి ఎక్కవు, డబ్బు దానంతటదే వాపసు వస్తుంది. ఒక్కరికి కన్ఫర్మ్ అయినా మిగతావాళ్ల పేర్లు కూడా చార్ట్‌లో ఉంటాయి. ఈ నిర్ణయానికి అందరి స్టేటస్‌లూ ఒకేచోట చూడాలి. ఆ బాధ్యత టికెట్ కార్డు మీద రాయండి.