చిల్లర డబ్బుల ఆకాశహర్మ్యం

అందరికీ నమస్కారం. ఆకాశహర్మ్యాల గురించి మాట్లాడమంటే చాలామంది ఉక్కు, లిఫ్టులు, ఎత్తు దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది, అసలు వాటిని ఎందుకు కట్టారన్నది. అందుకే న్యూయార్క్ డౌన్‌టౌన్‌లో, బ్రాడ్‌వే మీదున్న ఊల్‌వర్త్ బిల్డింగ్‌ను ఎంచుకున్నాను.

ఫ్రాంక్ ఊల్‌వర్త్ ఐదు సెంట్లకు, పది సెంట్లకు చిన్నాచితకా సామాన్లు అమ్మి కోట్లు గడించినవాడు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఆఫీసు మేడ మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీది, 700 అడుగులు. ఈయన మొదట అంతెత్తు అనుకోలేదు. ప్లాన్ గీసిన కొద్దీ పంతం పెరిగి 792 అడుగుల దాకా వెళ్లింది. ఖర్చు సుమారు కోటీ 35 లక్షల డాలర్లు.

ఇంతా చేసి ఊల్‌వర్త్ కంపెనీ సొంతానికి వాడుకున్నది రెండంతస్తులు కూడా లేదు! మిగతాదంతా అద్దెలకే. చోటు చాలక కట్టింది కాదన్నమాట. అద్దె కూడా తెచ్చిపెట్టే ప్రకటన బోర్డు అది. 1913 ఏప్రిల్ 24న అధ్యక్షుడు విల్సన్ వాషింగ్టన్‌లో కూర్చుని మీట నొక్కితే ఇక్కడ 80 వేల దీపాలు వెలిగాయి. ఇంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

వాస్తుశిల్పి క్యాస్ గిల్బర్ట్ దీన్ని మధ్యయుగపు యూరప్‌లోని గోథిక్ శైలి చర్చి పోలికలతో తీర్చాడు. లాబీలో తలెత్తి చూస్తే దూలాల కింద చిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఒకడు ముడుచుకుని కూర్చుని నాణేలు లెక్కపెడుతుంటాడు. ఆయనే యజమాని. భవనం నమూనాను రెండు చేతులా పొదివి పట్టుకున్నది గిల్బర్ట్. యజమానిని ఆయన మేడలోనే ఆటపట్టించిన ఆ చొరవ నాకు భలే నచ్చుతుంది.

బయటి గోడలకు తొడిగిన టెర్రకోట, అంటే కాల్చిన మట్టి పలకలు మాత్రం కాలానికి తట్టుకోలేకపోయాయి. 1977 నుంచి 1981 దాకా మరమ్మతులు చేసి, దెబ్బతిన్న వేల పలకల స్థానంలో కాంక్రీటువి పెట్టారు. అదే వీధిలో 1908లో లేచిన సింగర్ బిల్డింగ్‌కైతే ఆ యోగం కూడా లేదు, 60ల చివర్లో కూల్చేశారు.

1997లో అమెరికాలోని ఊల్‌వర్త్ ఐదు, పది సెంట్ల దుకాణాలు మూతపడ్డాయి. మరుసటి ఏడాది భవనమూ చేతులు మారింది. పై అంతస్తులు ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు, కింద ఇంకా ఆఫీసులే. కంపెనీ 2001లో ఫుట్ లాకర్‌గా పేరు మార్చుకుని బూట్ల వ్యాపారంలో ఉంది. మేడను మాత్రం జనం నేటికీ ఊల్‌వర్త్ అనే పిలుస్తున్నారు.