ఒకే వరుసలో ఏడు పేర్లు: చిన్న ఆదివాసీ సమూహాల లెక్కలపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. 2011 తర్వాత దేశంలో మళ్లీ జనగణన జరగబోతోంది. ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తారు, అందరి కులమూ నమోదు చేస్తారు. ఈ లెక్కలో అతి చిన్న ఆదివాసీ సమూహాలు ఎలా కనిపిస్తాయన్నదే ఈ రోజు చర్చ. గదబ సమాజం నుంచి రిటైర్డ్ టీచర్, గణాంక శాస్త్ర అధ్యాపకురాలు, మన్యంలో పనిచేస్తున్న పీహెచ్‌సీ డాక్టర్ మనతో ఉన్నారు. మాస్టారూ, మీతోనే మొదలుపెడదాం. మీవాళ్లు ఎంతమందో ప్రభుత్వం దగ్గర లెక్క ఉందా?

టీచర్: గదబలందరికీ కలిపి ఉందండీ. ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో మా వరుస చూడండి. గదబ, బోడో గదబ, గుతోబ్ గదబ, కల్లాయి గదబ, పరంగి గదబ, కథెర గదబ, కాపు గదబ. ఏడు పేర్లు, ఒకటే వరుస. వీళ్లలో బోడో గదబ, గుతోబ్ గదబలను మాత్రమే పీవీటీజీలుగా, అంటే మరీ వెనకబడి ప్రత్యేక సాయం అవసరమైన గిరిజన సమూహాలుగా గుర్తించారు. జనగణన పట్టికలో వచ్చేది మాత్రం ఏడింటికీ కలిపి ఒకే అంకె. ఇక బోడో గదబల్లో బడికెళ్లే ఆడపిల్లలు ఎంతమందంటే ఎవరు చెబుతారు?

సమన్వయకర్త: భాషను బట్టి విడదీయలేమా?

టీచర్: అక్కడా అదే చిక్కు. గుతోబ్ ముండా కుటుంబపు భాష. మాలోనే మరికొందరి భాష ద్రావిడ కుటుంబానిది, అంటే తెలుగుకు చుట్టం. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇద్దరూ 'మాది గదబ భాష' అంటే ఇద్దరినీ ఒకే చోట రాసుకుంటారు.

అధ్యాపకురాలు: 2011లో మాతృభాష ఏదని అడిగితే వచ్చిన పేర్లు 19,569. వాటిని వడపోసి, కలిపి, చివరికి 121 భాషలుగా ప్రచురించారు. దేశం మొత్తమ్మీద పదివేల మంది కన్నా తక్కువ మాట్లాడే భాషలకు విడిగా అంకె ఇవ్వరు. ఆ కాసిన్ని మంది 'ఇతర భాషలు'లోకి వెళ్లిపోతారు. అతి తక్కువమంది మాట్లాడే భాష కనుమరుగవుతోందా లేదా అన్నది అంకెల్లో చూడాల్సిన చోటే అంకె ఉండదు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

సమన్వయకర్త: మేడమ్, ఉన్న అంకెలనైనా నమ్మొచ్చా?

అధ్యాపకురాలు: ఆదిలాబాద్ తోటీల సంగతి చెబుతాను. గోండులకు వంశగాథలు పాడి వినిపించే సమూహం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తమ్మీద 1991లో 3,654 మంది. 2001లో 2,074. 2011లో 4,811. ఊరంత సమూహం పదేళ్లలో దాదాపు సగమైపోయి, మరో పదేళ్లకు రెట్టింపు దాటడం జనన మరణాల వల్ల అయ్యే పని కాదు. తోటీలు చాలావరకు గోండు గూడేల్లోనే ఉంటారు. ఇంటికొచ్చిన ఎన్యూమరేటర్, అంటే వివరాలు రాసుకునే ఉద్యోగి, అందరినీ గోండులనే రాసుకున్నా, సగంమంది పాటలు పాడుకుంటూ ఊరూరా తిరుగుతున్న రోజుల్లో వచ్చినా అంకె ఇలాగే తారుమారవుతుంది. లక్షల్లో ఉన్నవాళ్లలో రెండువేల మంది తప్పిపోతే పట్టిక మీద తేడా తెలియదు. తోటీలకైతే సగం జాతి లేనట్టే.

డాక్టర్: నేను రోజూ చూసేది వయసుల గొడవ. చాలామంది పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఎన్నేళ్లమ్మా అంటే నలభై, యాభై, అరవై. నలభై మూడు అన్నవాళ్లు అరుదు. ఆ వయసులతోనే పింఛన్ అర్హత తేలుస్తారు, మేం రక్తపోటు పరీక్షల జాబితాలూ వేస్తాం. కొండ మీద గూడేల్లో వయసు అడిగే పద్ధతే వేరుగా ఉండాలి. ఏ తుపాను నాటికి పెళ్లయింది, ఊళ్లోకి కరెంటు వచ్చేనాటికి పెద్దపిల్ల ఎంత ఉంది అని అడిగితే కొంచెం దగ్గరకు వస్తాం. దానికి ఓపిక కావాలి, ఆ భాష తెలిసిన మనిషి కావాలి.

సమన్వయకర్త: తక్కువ లెక్కిస్తే నష్టం ఎంత దూరం వెళుతుంది?

డాక్టర్: రోడ్డు దాకా వెళుతుంది. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో పీవీటీజీ గూడేలకు రోడ్డు వేయాలంటే జనాభా వంద ఉండాలి. పనులకు వలసపోయిన మూడు కుటుంబాలను వదిలేసి తొంభై రెండు అని రాశారనుకోండి, రోడ్డు ఆగిపోతుంది. నొప్పులు మొదలైన గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. వాగు పొంగిన రోజు అదీ కుదరదు.

సమన్వయకర్త: మరి పక్కాగా లెక్కిద్దాం, ఆ వివరాలు అందరికీ ఇద్దాం అంటే మాస్టారూ, మీరు ఒప్పుకుంటారా?

టీచర్: లెక్కించమంటాను. మా పేరుతోనే లెక్కించమంటాను. అందరికీ పంచడం దగ్గరే నాకు భయం. ఎరుకలవాళ్ల చరిత్ర ఏమిటి? 1871లో పుట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అలా పుట్టిందే. చట్టం 1952లో పోయింది. ఆ ఊరి పేరు చెబితే ఎగాదిగా చూడటం పోవడానికి ఎన్నాళ్లు పట్టింది! జాబితా రాసినవాడి బుద్ధి ఎలాంటిదో, రేపు అది ఎవరి చేతిలో పడుతుందో తెలియకుండా అన్నీ ఇచ్చెయ్యమంటే ఎలా?

అధ్యాపకురాలు: మాస్టారి భయం న్యాయమైనది. జనగణన చట్టం, 1948లోని 15వ సెక్షన్ ప్రకారం మీ ఇంటి ఫారంలో రాసింది ఎవరూ చూడటానికి లేదు, సాక్ష్యంగానూ చెల్లదు. ఆ రక్షణ జనగణన రికార్డులకే. శాఖలు సొంతంగా చేసే సర్వేలకు అది వర్తించదు.

డాక్టర్: సికిల్ సెల్, అంటే వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సంగతి చూడండి. 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలైంది. పరీక్షించినవాళ్లకు రంగుల కార్డులు ఇస్తున్నారు. వైద్యానికి మంచిదే, నాకు ఆ వివరం కావాలి కూడా. కానీ క్యారియర్, అంటే జబ్బు జన్యువును మోసే మనిషి అని కార్డు వచ్చిన ఒకమ్మాయికి పక్క గూడెం సంబంధం తప్పిపోయింది. ఆ అమ్మాయికి జబ్బు లేదు. అలాంటిది అబ్బాయికీ ఉంటేనే పిల్లలకు ప్రమాదం. అది విడమరిచి చెప్పకుండా ఊళ్లో అందరి ముందూ కార్డులు పంచారు.

అధ్యాపకురాలు: పట్టికలతోనూ ఈ ప్రమాదం ఉంది. పదకొండు ఇళ్ల గూడెంలో 'క్షయ: 1' అని వెబ్‌సైట్‌లో పెడితే పేరు రాయకపోయినా ఆ మనిషి ఎవరో ఊరికి తెలుసు. అందుకే చాలా దేశాల గణాంక సంస్థలు మరీ చిన్న అంకెలను బయటపెట్టవు, పక్క గడులతో కలిపేస్తాయి. ఇక్కడా జబ్బులు, అప్పులు, కేసుల విషయంలో అలాగే చేయాలి. జనాభా, చదువు, భాష మాత్రం ఎంత చిన్న సమూహమైనా విడిగా ఇవ్వాలి. రెంటికీ ఒకే కొలత పెడితే ఎటుచూసినా నష్టమే.

టీచర్: ఇంకో మాట. సేకరించినవాళ్లు మళ్లీ రారు. మా ఊళ్లో ఎన్నో సర్వేలు జరిగాయి. ఒక్కటీ తిరిగొచ్చి 'ఇదిగో మీ లెక్క' అని చూపించలేదు. గిరిజన ప్రాంతాల పంచాయతీలకోసం వచ్చిన పీసా చట్టం కింద మాకు గ్రామసభ ఉంది కదా. అక్కడ చదివి వినిపించండి. ఫలానా ఇల్లు రాయలేదని అక్కడికక్కడే చెబుతాం.

సమన్వయకర్త: మేడమ్, జనగణనలో ఇది సాధ్యమేనా?

అధ్యాపకురాలు: ఇంటి ఫారాలు చదవడం కుదరదు, చట్టం ఒప్పుకోదు. గూడేల పేర్లు, ఇళ్ల సంఖ్య ముందే సభలో సరిచూసుకోవచ్చు. వదిలేసిన గూడెం అక్కడే దొరికిపోతుంది.

సమన్వయకర్త: చివరిగా మాస్టారూ, ఎన్యూమరేటర్ ఇంటికొస్తే మీవాళ్లకు ఏం చెబుతారు?

టీచర్: ఉత్త గదబ అనొద్దు, పూర్తి పేరు చెప్పమంటాను. భాష దగ్గరా అంతే. యాప్‌లో ఏం కొట్టారో చదివించుకోమంటాను. చదువుకున్న మా పిల్లలు ఇప్పుడు గూడేనికి ఇద్దరు ముగ్గురున్నారు, ఆ రోజు పక్కన నిలబడమంటాను. అధికారులను అడిగేది ఒకటే. మా మండలాలకు వేసే ఎన్యూమరేటర్లలో మా భాష వచ్చినవాళ్లను వెయ్యండి. ఆశ్రమ పాఠశాలల్లో అలాంటి టీచర్లు ఉన్నారు, వాళ్ల జాబితా ఇవ్వడానికి నేను సిద్ధం.