ఫ్యాబ్‌లో పని: సెమీకండక్టర్ టెక్నీషియన్ ఉద్యోగం

శ్రోతలకు నమస్కారం.

చిప్‌ల పరిశ్రమ అనగానే చాలామందికి కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లు గీసే ఇంజినీర్లే గుర్తొస్తారు. వాళ్లు గీసింది సిలికాన్ మీదకు ఎక్కేది ఫ్యాక్టరీలో. దాన్ని ఫ్యాబ్ అంటారు. అక్కడ రాత్రీ పగలూ యంత్రాలను కనిపెట్టుకుని ఉండే మనిషి టెక్నీషియన్. ఈ ఉద్యోగంలోకి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈరోజు నాలుగు మాటలు.

ముందు పని జరిగే తీరు చూద్దాం. వేఫర్ అంటే గుండ్రటి సిలికాన్ పలక. పెద్ద ఫ్యాబ్‌లలో దాని వ్యాసం 300 మిల్లీమీటర్లు, మందం ముప్పావు మిల్లీమీటరు పైచిలుకు. దాని మీద ఒక పొర వేస్తారు, కాంతితో నమూనా ముద్రిస్తారు, అక్కర్లేని చోట పొరను తొలిచేస్తారు, కడుగుతారు, కొలుస్తారు, మళ్లీ ఇంకో పొర. అధునాతన చిప్ అయితే ఇలా వందల అంచెలు దాటాలి, నెలలు పడుతుంది. ఇంత పనిలోనూ పెద్ద ఫ్యాబ్‌లలో వేఫర్‌ను చేత్తో ముట్టుకునేవాళ్లు దాదాపు ఉండరు. ఒక్కో పెట్టెలో 25 వేఫర్లు పెట్టి మూసేస్తే, సీలింగ్ కింద పట్టాల మీద తిరిగే బండ్లు వాటిని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మోసుకెళ్తాయి. మరి మనిషికేం పని అంటారా? ఆ యంత్రాలన్నీ నిన్న చేసినట్టే ఈరోజూ చేసేలా చూడడం. చెప్పడానికి ఒక్క వాక్యమే గానీ, ఉద్యోగమంతా అందులోనే ఉంది.

ఇక్కడ మొదటి శత్రువు ధూళి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. చిప్ మీది గీతలు దానికన్నా వేల రెట్లు సన్నం. కంటికి కనిపించని కణం ఒక్కటి పడినా అక్కడి చిప్ పోయినట్టే. అందుకే క్లీన్‌రూమ్, అంటే ధూళి లేకుండా ఉంచే గది. గాలి శుభ్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ లెక్కలో 5వ స్థాయి గదిలో, ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన కణాలు 3,520 దాటకూడదు. మామూలు గది గాలిలో అవి కోట్లలో ఉంటాయి. పైనుంచి వడకట్టిన గాలిని ఆపకుండా కిందికి వదిలి, నేల గుండా లాగేసే పద్ధతికి 1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ రూపమిచ్చారు. ఇప్పటి క్లీన్‌రూమ్‌లకు మూలం అదే.

ఆ గదిలో అన్నిటికన్నా మురికి వస్తువు మనిషే. అందుకే తల నుంచి పాదాల దాకా కప్పే సూటు, రెండు జతల గ్లౌజులు, మాస్కు. సెంటు, మేకప్ కుదరవు. పెన్సిలూ మామూలు కాగితమూ లోపలికి రానివ్వరు. దాహం వేస్తే సూటంతా విప్పి బయటికి రావాలి, మళ్లీ మొదటి నుంచి తొడుక్కోవాలి. కొత్తగా చేరినవాళ్లు పని కష్టం గురించి కన్నా దీని గురించే ఎక్కువ విసుక్కుంటారు. కాంతితో నమూనా ముద్రించే లితోగ్రఫీ విభాగంలో అయితే దీపాలన్నీ పసుపు రంగులోనే ఉంటాయి, ఎందుకంటే వేఫర్ మీద పూసే రసాయనం నీలి కాంతికి, అతినీలలోహిత కాంతికి మారిపోతుంది. ముఖాలు కనిపించవు కాబట్టి పక్కవాళ్లను కళ్లను బట్టి, నడకను బట్టి గుర్తుపట్టడం అలవాటైపోతుంది.

ఇక అసలు పని. పొరను తొలిచే ఎచింగ్ యంత్రాన్ని తీసుకుందాం. లోపల ప్లాస్మా, అంటే విద్యుత్ శక్తితో రగిలించిన వాయువు, పొరను తొలిచేస్తుంటే, ఆ వ్యర్థం కొంత చాంబర్ గోడలకు, అంటే వేఫర్ ఉండే మూసిన గది గోడలకు పేరుకుంటుంది. కొన్నాళ్లకు పెచ్చులుగా రాలి వేఫర్ మీద పడుతుంది. అంతదాకా రాకముందే యంత్రాన్ని ఆపి శుభ్రం చేయాలి. దీన్నే పీఎం, అంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు. ముందు కరెంటు, గ్యాస్ ఆపి వాటికి ఎవరి తాళం వాళ్లు వేసుకుంటారు. ఆ తాళం చెవి ఇంకొకరి చేతికి ఇవ్వరు. చాంబర్‌లో మిగిలిన విషవాయువులు పోయేదాకా నైట్రోజన్‌తో మళ్లీ మళ్లీ ఊదుతారు. తర్వాత తెరిచి, అరిగిన భాగాలు తీసి, గోడలు తుడిచి, గాలి చొరబడకుండా ఆపే కొత్త ఓ-రింగులు వేస్తారు. బోల్టులు ఎదురెదురుగా, చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బలంతోనే బిగిస్తారు. మూశాక పంపుతో గాలంతా లాగేసి, వాల్వు మూసి, లోపలి ప్రెజర్ ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తారు.

ఎంత చదువుకున్నా ఇక్కడ అనుభవం కావాలి. ప్రెజర్ మొదట పెరిగి, మెల్లగా నెమ్మదిస్తే గోడలకు అంటుకున్న తేమ వదులుతోందని అర్థం, ఇంకాసేపు పంపు నడిపితే సర్దుకుంటుంది. ఎక్కడా తగ్గకుండా ఒకే వేగంతో పెరుగుతూ పోతే ఎక్కడో లీకు ఉంది, హీలియంతో వెతకాల్సిందే. తెలియనివాళ్లు తేమను చూసి లీకనుకుని మూత మళ్లీ తెరుస్తారు. దాంతో ఇంకాస్త తేమ లోపలికి పోతుంది, షిఫ్టంతా అందులోనే గడిచిపోతుంది. లీకు లేదని తేలినా యంత్రం వెంటనే పనిలోకి దిగదు. జ్వరం తగ్గిన మనిషికి పథ్యం పెట్టినట్టు కొన్ని ఉత్త వేఫర్లు నడిపి, కణాలు లెక్కపెట్టి, తొలిచే వేగం కొలిచి, అంకెలు సరిపోతేనే ఉత్పత్తికి వదులుతారు.

ఆ అంకెలు చార్టులోకి ఎక్కుతాయి. 1924లో బెల్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ మొదలుపెట్టిన కంట్రోల్ చార్టే ఇది. ఒక్కో కొలతకు ఒక చుక్క, పైనా కిందా హద్దు గీతలు. చుక్క గీత దాటితే ఎవరికైనా తెలుస్తుంది. గీతల మధ్యలోనే ఉన్నా, వరుసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకే పక్కన పడితే ఏదో మారుతున్నట్టు. ఇప్పుడు కంప్యూటరే హెచ్చరిస్తుంది. కానీ అది పంపు వల్లా, కొత్తగా వేసిన భాగం వల్లా అన్నది తేల్చాల్సింది టెక్నీషియనే.

నా లెక్కలో ఈ ఉద్యోగానికి చేతి నైపుణ్యం కన్నా ముందు కావలసింది దాచకుండా చెప్పే గుణం. స్క్రూ ఒకటి చాంబర్‌లోకి జారిందనుకోండి. అప్పుడే చెబితే కొన్ని గంటలు పోతాయి. చెప్పకపోతే తర్వాత వచ్చే ఎన్ని వేఫర్లు పాడవుతాయో ఎవరూ ఊహించలేరు. షిఫ్ట్ మారేటప్పుడు రాసే పాస్‌డౌన్ కూడా అంతే. "యంత్రం ఓకే" అని రాసి వెళ్లిపోయే మనిషి తర్వాతి షిఫ్టువాళ్లకు శాపం. ఏం చూశారు, ఏం మార్చారు, ఏది అనుమానంగా వదిలేశారు అని మూడు వాక్యాలు రాసేవాళ్లను ఏ ఫ్యాబైనా వదులుకోదు.

ప్రమాదాల సంగతి. సైలేన్ అనే వాయువు గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది. ఆర్సీన్ అనే ఇంకో వాయువు కొద్దిగా లీకైనా ప్రాణాంతకం. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పలచగా ఉంటే చర్మం మీద పడగానే మంట తెలియకపోవచ్చు, కానీ లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే దానితో పనిచేసే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో ఉంచుతారు. సెన్సార్లు, అలారాలు ఎన్ని ఉన్నా, తొందరలో ఒక అంచె దాటేసే అలవాటున్నవాళ్లకు ఈ పని వద్దనే చెబుతాను.

పనివేళలు తేలిక కాదు. చాలాచోట్ల 12 గంటల షిఫ్టు, ఒక వారం మూడు రోజులు, మరుసటి వారం నాలుగు. సెలవు రోజులు ఎక్కువే దొరుకుతాయి, కానీ రాత్రి షిఫ్టుకు ఒళ్లు అందరిదీ ఒకేలా అలవాటుపడదు. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

చదువు విషయానికొస్తే ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్, మెకట్రానిక్స్ డిప్లొమా ఏదైనా పనికొస్తుంది. వాక్యూమ్, ప్లాస్మా లోపలే నేర్పుతారు. మీటరు పట్టుకోవడం, సర్క్యూట్ డ్రాయింగ్ చదవడం వచ్చి ఉంటే చాలు. అనుభవం వచ్చాక యంత్రాలు తయారుచేసే కంపెనీల్లో ఫీల్డ్ సర్వీస్‌కు వెళ్లేవాళ్లున్నారు, ప్రాసెస్ వైపు, అంటే తయారీ పద్ధతులను సరిచేసే పనికి మారేవాళ్లున్నారు. ఈ పరిశ్రమకు ఎత్తుపల్లాలు మామూలే. చిప్‌లకు గిరాకీ తగ్గిన ఏడాది కొత్త నియామకాలు ఆగుతాయి, ఒక్కోసారి ఉన్న ఉద్యోగాలూ పోతాయి. ఒక్క కంపెనీ యంత్రమే తెలిసినవాళ్లకు అప్పుడు ఇబ్బంది. పంపులు, వాక్యూమ్, ప్లాస్మాను పుట్టించే ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పవర్ లాంటివి మూలం నుంచి నేర్చుకున్నవాళ్లకు ఇంకో చోట తలుపు తెరుచుకుంటుంది.

ఇంటర్వ్యూకి వెళ్తే జీతం ఒక్కటే అడిగి రాకండి. కొత్తవాళ్లు ఎంతకాలం సీనియర్ పక్కన పనిచేస్తారు, ఒంటరిగా చాంబర్ తెరవడానికి ఎవరు సంతకం పెడతారు, పని ఆపేయాలనిపిస్తే ఆపే అధికారం టెక్నీషియన్‌కు ఉందా అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తడబడితే, ఇంకో కంపెనీ చూసుకోండి.

సెలవు. నమస్కారం.