ఫ్యాన్ ఆగకూడని ఇల్లు

అందరికీ నమస్కారం. ఇందాక కరెంటు పోయినప్పుడు మీరంతా ఆహ్వాన పత్రికలతో విసురుకున్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. హన్మకొండ ఎండల్లో అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఫ్యాన్ ఆగితే ఉక్కపోతతో పోదు. మన దగ్గర వేడిగాలి తేలికై పైకి లేస్తుంది, చల్లగాలి దాని జాగాలోకి వస్తుంది. అక్కడ దేనికీ బరువు తెలియదు కాబట్టి అది జరగదు. నిద్రపోతున్న మనిషి వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే పేరుకుంటుంది. అందుకే బీరువా అంత ఉండే పడక గదిలో కూడా గాలి ఆడుతూనే ఉండాలి. చేజారిన స్క్రూలు, పెన్నులు ఆ గాలికి తేలుకుంటూ పోయి, గాలిని లోపలికి లాగే జాలీకి అతుక్కుంటాయి. ఏది కనబడకపోయినా ముందు వెతికేది అక్కడే.

భూమి లాగడం మానేసిందనుకోకండి. కేంద్రం ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, అదెంత? మనకు తిరుపతి అంతకన్నా దూరం. ఆ ఎత్తులో ఆకర్షణ దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం పడుతూనే ఉంది. కానీ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతోంది కాబట్టి, అది ఎంత పడుతుందో కింద నేల కూడా అంతే వంగిపోతుంది. ఆ వేగంతో పోతే కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 20 సెకన్లు కూడా పట్టదు.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లారు. ఆ కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. ధార్వాడ్ శాస్త్రవేత్తల కోసం ఆయన మొలకెత్తించినవి ఏమిటో తెలుసా? మెంతులు, పెసలు! మా అమ్మ రాత్రి నానబెట్టి, పొద్దున తడిగుడ్డలో మూటగట్టేది, అవే. ఇంట్లో అయితే వేరు కిందికి, మొలక పైకి. ఏది కిందో, ఏది పైనో తెలియని చోట విత్తనం ఏం చేస్తుంది? మొలకల ఫొటోలు తీసి, వాటిని ఫ్రీజర్‌లో భద్రపరిచారు. అసలు పరీక్ష భూమికి తెచ్చాకే.

అక్కడ మనిషి కూడా ఒక ప్రయోగమే. బరువు మోయని ఎముక సన్నబడుతుంది. కసరత్తు లేకపోతే తుంటి ఎముక నెలకు సుమారు ఒక శాతం తగ్గుతుంది. అందుకే రోజూ దాదాపు రెండు గంటలు, నడుముకు పట్టీలు కట్టుకుని మరీ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తాలి. వారాంతంలో వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని ఇల్లు శుభ్రం చేసుకోవాలి. పీహెచ్‌డీలు ఉన్నా మినహాయింపు లేదు, ఇది నాకు భలే నచ్చింది.

నీళ్ల సంగతి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి అలుగు పారితే కింది చెరువుకు చేరేది. అక్కడా అంతే పొదుపు, కాకపోతే చెరువు ఒక్కటే. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం అన్నీ శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. 2023 నాటికి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగారు. మొహాలు అలా పెట్టకండి, మన కుళాయి నీళ్లకన్నా అవే శుభ్రం కావచ్చు.

కేంద్రం మన మీదుగా పోయే రోజు ఎప్పుడో చూసుకుని, పొద్దుగూకాక మిద్దె ఎక్కి చూడండి. మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా పోయే పెద్ద చుక్క అదే. నాలుగైదు నిమిషాలకు భూమి నీడలోకి పోయి, ఆకాశం మధ్యలోనే మాయమవుతుంది. ఎర్ర లైటు మెరిసిందా, అది శంషాబాద్ విమానం.

ఇక ప్రశ్నలు. టాయిలెట్ గురించి అడగడానికి సిగ్గుపడకండి, అందరూ ముందు అడిగేది అదే.